గింజ అడిగే ముందు వాన తేదీ చెప్పు

మా బావమరిది అడిగిన గుప్పెడు గింజలు ఈ సంక్రాంతికి నేను తీసుకెళ్లలేదు. పిల్లలకు బూట్లు తీసుకెళ్లాను, అత్తకు స్వెటర్ తీసుకెళ్లాను, ఇంటింటికీ పంచడానికి చాక్లెట్లు తీసుకెళ్లాను. గింజలు లేవని తెలిశాక వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు గొర్రెల దొడ్డి దగ్గర అడిగేశాడు. "ఏం బావా, అన్ని సామాన్లు మోసుకొచ్చినావు, పావుకేజీ గడ్డిత్తనాలు బరువైనాయా?"

అప్పటికప్పుడు తోచిందేదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వాడు అడిగినట్టే ఇంకా చాలామంది అడుగుతున్నారు. వీడియోల్లో క్లోవర్ అనే మూడాకుల మేత మొక్క పెరిగిన పచ్చటి బీళ్లు చూసి, "ఆ క్లోవర్ మన దగ్గర వెయ్యలేమా?" అని. వాడికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబంతా ఇక్కడ రాస్తున్నాను.

వాడిది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఎర్రనేల, ఒక బోరు, అరవై గొర్రెలు, రెండు పాలావులు, వానొస్తే చెనిక్కాయ. నేను పన్నెండేళ్లుగా పశ్చిమ ఆస్ట్రేలియాలో, కోజొనప్ అనే ఊరి దగ్గర, గొర్రెలూ గోధుమా రెండూ ఉన్న ఒక పెద్ద కమతంలో పనిచేస్తున్నాను. కిందటి సెప్టెంబర్‌లో నేను పంపిన ఫోటోతో మొదలైంది ఇదంతా. అందులో పిక్కల దాకా పెరిగిన క్లోవర్, దాంట్లో మూతులు దాచుకుని మేస్తున్న మెరినో గొర్రెలు. ఆ ఫోటోను వాడు ఊళ్లో అందరికీ చూపించాడట.

ముందుగా చట్టం సంగతి చెప్పేస్తాను. సూట్‌కేసులో విత్తనాలు పెట్టుకుని రాకూడదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తనం మన దేశంలోకి రావాలంటే ముందుగా దిగుమతి పర్మిట్ ఉండాలి, తెగుళ్లు లేవని బయలుదేరిన దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. గింజతో పాటు ఏ తెగులు వస్తుందో, ఏ కలుపు వస్తుందో కంటికి కనిపించదు. ఈ నిబంధన సరైనదేనని నా నమ్మకం. అయితే ఇది సగం జవాబే. పర్మిట్ చేతిలో ఉన్నా నేను ఆ గింజ తెచ్చేవాణ్ణి కాదు.

క్లోవర్ అన్నది ఒక మొక్క పేరని మనవాళ్లు అనుకుంటారు. ఆ కుటుంబంలో రెండు వందలకు పైగా జాతులున్నాయి. తెల్ల క్లోవర్, ఎర్ర క్లోవర్, పంజాబ్‌లో వేసే బర్సీమ్, అన్నీ అందులోవే. నా ఫోటోలో ఉన్నది సబ్‌టెర్రేనియన్ క్లోవర్. ఇక్కడ అందరూ "సబ్ క్లోవర్" అంటారు. పుట్టిల్లు మధ్యధరా సముద్రపు తీరాలు. ఏ ఓడలోనో, ఏ పశువు బొచ్చులోనో ఆస్ట్రేలియా చేరింది. ఎవరూ పనిగట్టుకుని తెచ్చింది కాదు. 1889లో దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ బార్కర్ దగ్గర ఏమోస్ హోవర్డ్ అనే నర్సరీ ఆయన దీన్ని గమనించి, ఇది మేతకు పనికొస్తుందని ఊరూరా చెప్పడం మొదలుపెట్టాడు. (పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ఒక మౌంట్ బార్కర్ ఉంది. అది మాకు దగ్గరే. కొత్తవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు.)

అనంతపురం మనిషికి ఈ మొక్కను పరిచయం చేయడం చాలా సులువు. చెనిక్కాయ ఊడ దిగుతుంది చూడండి, ఇదీ అంతే. పూత రాలాక కాడ కిందికి వంగుతుంది. కొస నేలను తాకుతుంది, మెల్లగా లోపలికి దూరుతుంది. అక్కడ మట్టిలో చిన్న గరుకు ఉండ కడుతుంది. అక్టోబర్ చివర్లో ఒక మొక్కను వేలితో తవ్వి పైకి లాగితే మట్టి అంటుకున్న ఆ ఉండలు గుత్తిగా వస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల మూడో నాలుగో నల్లటి గింజలు, ఆవాల కన్నా కాస్త పెద్దవి. మొదటిసారి చీల్చి చూసినప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది, పీకిన చెట్టుకు కాయలెన్ని ఉన్నాయో మా నాన్న లెక్కపెట్టడం గుర్తొచ్చింది.

ఇది ఏడాది బతికే మొక్క. ఎండాకాలం రాగానే చచ్చిపోతుంది. మళ్లీ విత్తే పని లేకుండా మట్టిలో దాచుకున్న గింజలే మరుసటి ఏడు మొలుస్తాయి. అంటే రైతు ఒకసారి విత్తుతాడు, తర్వాత ఏళ్ల తరబడి మొక్కే తనను తాను విత్తుకుంటుంది. అలా విత్తుకోవాలంటే వాన ఆగిపోయే లోపు పూత రావాలి, ఊడ దిగాలి, గింజ గట్టిపడాలి. రకం ఎంచుకోవడంలో మొదటి లెక్క ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

సబ్ క్లోవర్‌లో ఆస్ట్రేలియా వాళ్లు విడుదల చేసిన రకాలు నలభైకి పైనే. వాటి పేర్లు చదివితే మ్యాప్ చదివినట్టుంటుంది. నంగారిన్, యార్క్, డెన్మార్క్, నారికప్, బిందూన్, వూజెనెల్లప్. ఇవన్నీ ఇక్కడి ఊళ్లు. మనకిది కొత్తేమీ కాదు. అనంతపురం జిల్లాలో దశాబ్దాల పాటు వేసిన చెనిక్కాయ టీఎంవీ-2లో తిండివనం ఉంది. తర్వాత వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షిలో కదిరి ఉంది. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు, జేజీఎల్ అంటే జగిత్యాల. అక్షరాలుగా మారేసరికి ఆ ఊళ్లను మర్చిపోయాం. రకం పేరులో ఊరుందంటే, ఆ గింజ ఏ వానను, ఏ నేలను చూసి బయటికొచ్చిందో చెప్పే చిరునామా అది.

మెర్రెడిన్ వైపు ఏడాదికి 300 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. దక్షిణ తీరంలోని డెన్మార్క్‌లో 1000 దాకా పడుతుంది. రెండూ ఒకే రాష్ట్రం, కారులో ఒక్క రోజు ప్రయాణం. మే మొదట్లో విత్తితే నంగారిన్ రకం 75 నుంచి 80 రోజుల్లో పూతకొస్తుంది. డాల్‌కీత్‌కి వందకు కాస్త లోపు. లూరా అనే ఆలస్యపు రకానికి 150 దగ్గర పడుతుంది. నంగారిన్‌ను డెన్మార్క్‌లో వేస్తే వాన ఇంకా కురుస్తుండగానే అది కాపు ముగించుకుంటుంది. మిగిలిన రెండు నెలల పచ్చిక నష్టం. లూరాను మెర్రెడిన్‌లో వేస్తే పూత దశకు రాకముందే నేల ఎండిపోతుంది.

ఈ రెండో తప్పు నేనే చేశాను.

వచ్చిన మూడో ఏడు. మా యజమాని లోపలి ప్రాంతంలో కౌలుకు తీసుకున్న చేనులో, గులకరాళ్ల మెరక మీద ఏ రకం వేయాలో నన్నే చూడమన్నాడు. అక్కడ వాన 400కు మించదు. నేను విత్తనాల పుస్తకం తెరిచాను. ఎక్కువ మేత ఇచ్చే రకం ఏదా అని వెతికితే లూరా పేరు కనిపించింది. ఆకు పెద్దది, దిగుబడి ఎక్కువ. ఎక్కువ దిగుబడి అన్నమాట చదివాక కింద చిన్న అక్షరాల్లో ఉన్న వానపాతం గడి నేను చదవలేదు. ఆ ఏడు అదును వాన మే నెల చివర్లో పడింది. జూలై, ఆగస్టుల్లో చేను కళకళలాడింది. నాకు చాలా సంతోషంగా ఉండేది, రోజూ పని అయిపోయాక వెళ్లి చూసొచ్చేవాణ్ణి. సెప్టెంబర్ మొదటి వారంలో వాన ఆగింది. పూత అక్టోబర్‌లో మొదలైంది, అప్పటికి నేల గట్టిపడిపోయింది. ఊడలు దిగలేదు. నవంబర్‌లో మొక్కలు పీకి చూస్తే చాలావాటికి ఉండలే లేవు, ఉన్నవాటిలో గింజ పొల్లు. మరుసటి ఏడు ఆ మెరకంతా పసుపు పూల కేప్‌వీడ్ కలుపు తప్ప క్లోవర్ అక్కడొకటి, ఇక్కడొకటి.

యజమాని నన్ను తిట్టలేదు. లోపలికి వెళ్లి ఒక పాత లెడ్జర్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. వాళ్ల నాన్న కాలం నుంచి ఏ రోజు ఎంత వాన పడిందో రాసుకుంటూ వచ్చిన లెక్క. "విత్తనాల పుస్తకం తర్వాత, ముందు ఇది చదువు" అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. మొత్తం ఎంత పడిందన్నది నాకు ముందే తెలుసు. నేను చూడాల్సింది మొదటి మంచి వాన తేదీ, చివరి మంచి వాన తేదీ, వాటి మధ్య రోజులు. ఆ తర్వాత ఆ మెరకలో డాల్‌కీత్ వేశాం. ఆకు చిన్నది, చూపుకు లూరా అంత బాగుండదు. కానీ ఈనాటికీ ప్రతి ఏడూ తనంతట తాను మొలుస్తోంది.

ఇక నేల సంగతి. సబ్ క్లోవర్‌లో మూడు ఉపజాతులున్నాయి, మూడింటికీ మూడు రకాల మట్టి. మొదటిది నీరు నిలవని, కాస్త పులుపు గుణమున్న నేలలకు. డాల్‌కీత్, సీటన్ పార్క్, లూరా అన్నీ ఆ కోవలోవే. రెండోది చలికాలమంతా నీళ్లు నిలిచే పల్లపు నేలలకు, ట్రిక్కాలా అందులో పేరున్న రకం. దాని గింజ నల్లగా ఉండదు, పాలిపోయిన లేత రంగు. అరచేతిలో పోసుకుంటే ఏ ఉపజాతో అక్కడే తెలిసిపోతుంది. గ్రీస్‌లోని యానినా పేరు మీదుగా ఆ ఉపజాతికి యానినికమ్ అని పేరు పెట్టారు. మళ్లీ ఊరి పేరే. మూడోది క్షార గుణమున్న, ఎండితే నెర్రెలు వారే బంకమట్టికి. క్లేర్ రకం అందులోది. ఈ మూడోదాని ఊడకు గట్టి నేలను పొడుచుకుని దిగే శక్తి తక్కువ, నెర్రెల్లోకి జారి కాయ కట్టుకుంటుంది. దాన్ని తెచ్చి గులకనేల మీద వేస్తే ఊడ దిగే చోటే ఉండదు. మా బావమరిది తన చెనిక్కాయను ఎర్రనేలలోనే ఎందుకు వేస్తాడు, జిగట రేగడిలో ఎందుకు వెయ్యడు అని అడిగితే ఇదే కథ చెప్తాడు. వాడికి తెలియనిది ఏమీ లేదు, మొక్క పేరు ఒకటే మారింది.

మట్టిలో ఇంకొకటి ఉండాలి. వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా. మన చెనిక్కాయకు, అలసందకు, పిల్లిపెసరకు కావలసినవి మన నేలల్లో సాధారణంగా ఉంటాయి. క్లోవర్ బాక్టీరియా వేరు. ఎన్నడూ క్లోవర్ చూడని నేలలో అది ఉండదు, గింజకు కల్చర్, అంటే ఆ బాక్టీరియా ఉన్న మందు, పట్టించి వేయాలి. అది కూడా క్లోవర్‌కు సరిపడే కల్చర్. ఇక్కడ ప్యాకెట్ మీద గ్రూప్ బి, గ్రూప్ సి అని రాసి ఉంటుంది. తెల్ల క్లోవర్‌కు బి, సబ్ క్లోవర్‌కు సి. బుడిపెను చిదిమితే లోపల లేత గులాబీ రంగుంటే పనిచేస్తోందని అర్థం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అది పేరుకే బుడిపె. పనిచేసే పచ్చికలో టన్ను ఎండు మేతకు సుమారు 20 నుంచి 25 కేజీల నత్రజని నేలకు చేరుతుందని ఇక్కడి వాడుక లెక్క. కల్చర్ లేకుండా వేసి, ఆకులు పసుపెక్కితే యూరియా చల్లే చేన్లు నేను చూశాను. యూరియా పోసి పెంచేటట్టయితే క్లోవర్ ఎందుకు?

రకం ఎంపికలో పొరబాటు ఒక్క చేనుతో ఆగకుండా మంద మీదకి వచ్చిన కథ ఒకటుంది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. మాకు దగ్గర్లోనే బోయప్ బ్రూక్ అని ఊరు. దాని పక్కనున్న చోటు పేరు మీద డ్వాల్‌గనప్ అనే రకం వచ్చింది. తొందరగా పూతకొస్తుంది, తక్కువ వానకు తట్టుకుంటుంది, గింజ విపరీతంగా పడుతుంది. రైతు కోరుకునేవన్నీ ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియా అంతటా వేశారు. 1940ల్లో వింత మొదలైంది. బాగా తిని బలిసిన గొర్రెలకు చూలు నిలవడం లేదు. నిలిచినవాటికి కాన్పు కష్టమై తల్లీ పిల్లా పోతున్నాయి. మేత కరువు లేదు, పొట్టేళ్లలో లోపం లేదు. పశువైద్య పరిశోధకుడు బెన్నెట్స్, ఆయన సహచరులు కలిసి 1946లో దీన్ని శాస్త్ర పత్రికకెక్కించారు. ఈ క్లోవర్ మేతే కారణమని తేల్చారు. ఆకులో ఫార్మోనోనెటిన్ అనే పదార్థం ఉంటుంది. అది గొర్రె కడుపులోకి వెళ్లాక ఆడ హార్మోన్‌లా పనిచేసే ఈక్వాల్‌గా మారుతుంది. ఏళ్ల తరబడి తిన్న గొర్రెల గర్భాశయ ముఖం శాశ్వతంగా మారిపోతుంది. మంచి మేతలోకి మార్చినా అవి మళ్లీ సరిగా చూలు కట్టవు. యార్లూప్, డినినప్ అనే రకాల్లోనూ అదే గుణం ఉందని తేలింది.

ఆ తర్వాత వచ్చిన రకాలను ఆ పదార్థం తక్కువ ఉండేలా ఎంచి మరీ విడుదల చేశారు. కానీ డ్వాల్‌గనప్ గింజ గట్టిది, మట్టిలో దాక్కుని ఏళ్లకేళ్లు బతుకుతుంది. ఇప్పటికీ పాత బీళ్లలో అది తగులుతూనే ఉంది. మా యజమాని ఆగస్టులో ఒకసారి నన్ను వెంటబెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఆకులు పరీక్షిస్తాడు. సబ్ క్లోవర్ మూడాకుల మీద తెల్లటి నెలవంక మచ్చ ఉంటుంది, దాని ఆకారం, చోటు రకాన్ని బట్టి మారుతుంది. పశువుకు వాత పెట్టినట్టు. పాత రకం మచ్చలు ఎక్కువ కనిపించిన చేనులోకి ఆ ఏడు ఆడ గొర్రెలను వదలడు, గొడ్లను వదులుతాడు. వాటికి ఆ ముప్పు తక్కువ. ఎనభై ఏళ్ల కింద ఎవరో వేసిన గింజను ఈ రోజు మేం ఆకు ఆకు చూసి వెతుక్కుంటున్నాం. "ఓ పావుకేజీ తెచ్చి వేసి చూద్దాం, పోతే పోయింది" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ చేను కళ్ల ముందు మెదులుతుంది. తనను తాను విత్తుకునే మొక్క విషయంలో పోతే పోయింది అనడం కుదరదు.

కొత్త రకమే మేలని, పాతదే నమ్మకమని పట్టుబట్టేవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. వూజెనెల్లప్ ఒకప్పుడు ఎందరికో ఇష్టమైన రకం. 1970ల్లో క్లోవర్ స్కార్చ్ తెగులు వచ్చి ఆ పచ్చికలను మాడ్చేసింది. ఇటుపక్క, వాన కూడా ఒకచోట నిలబడి లేదు. 1970ల నుంచి ఈ నైరుతి మూలలో చలికాలపు వాన స్పష్టంగా తగ్గింది. తండ్రి కాలంలో ఆలస్యపు రకం సరిపోయిన చేనులో కొడుకు ఒక మెట్టు కిందికి దిగి మధ్యస్థపు రకం వెయ్యాల్సి వస్తోంది. "మా నాన్న ఇదే వేశాడు" అనేది గౌరవించాల్సిన మాటే, కానీ వాళ్ల నాన్నకు పడిన వాన ఇతనికి పడడం లేదు. చిరునామాలో ఊరు అదే ఉంటుంది, ఆ ఊళ్లో వాన మారిపోతుంది.

ఇప్పుడు కళ్యాణదుర్గం. చాలామంది పొరబడేది ఇక్కడే. కోజొనప్‌లో ఏడాది వాన 500 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. అనంతపురంలో సుమారు 550. లెక్క చూస్తే మనదే మెరుగు. మా బావమరిది ఫోన్‌లో ఇదే చూపించి వాదించాడు, "మీకన్నా మాకే ఎక్కువ పడుతుండాది కదా బావా" అని. నిజమే. కానీ కోజొనప్ వాన మే నుంచి అక్టోబర్ దాకా, చలిలో పడుతుంది. జూలైలో పగలు 15 డిగ్రీలు దాటితే గొప్ప. పడిన చుక్క వారాల తరబడి నేలలో ఉంటుంది. అనంతపురంలో వాన జూన్ నుంచి అక్టోబర్ దాకా, సెప్టెంబర్‌లో ఎక్కువ. వాన పడిన మర్నాడు ఎండ కాస్తే పదును నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. సబ్ క్లోవర్ చల్లటి వానలో పెరిగి ఎండిన వేసవిలో నిద్రపోయే మొక్క. దానికి వాన కావాల్సిన డిసెంబర్‌లో మనకు వాన లేదు, వాన ఉన్న జూలైలో దానికి పనికిరాని వేడి. గింజ గట్టి పొట్టు కూడా ఆస్ట్రేలియా వేసవిలో పగటి మంటకు, రాత్రి చల్లదనానికి నెమ్మదిగా మెత్తబడేలా ఏర్పడింది. మధ్యలో ఒక దొంగ వాన పడినా అన్నీ ఒకేసారి మొలిచి చావకుండా కొన్ని లోపలే ఆగుతాయి. ఆ తెలివంతా ఈ చోటి కోసం. జూన్‌లో మృగశిర వానకు అది ఏం చేయాలి?

"మరి పంజాబోళ్లు ఏస్తాండారు కదా" అన్నాడు వాడు. బర్సీమ్ గురించి. అది మంచి ప్రశ్న, ఎందుకంటే బర్సీమ్ నిజంగా మన దేశంలో కుదురుకున్న క్లోవర్. నైలు నది ఒడ్డున ఈజిప్టు రైతులు పండించే మొక్క. అక్కడ కూడా ఒకే కోత ఇచ్చే ఫాహ్లి, పలు కోతలిచ్చే మెస్కావి అంటూ చోటును బట్టి వేరు చేసుకున్నారు. 1904లో సింధ్‌కు వచ్చింది, కాలువల నీళ్లు, చలి రాత్రులు ఉన్న ఉత్తరాదిలో పాకింది. అక్టోబర్‌లో విత్తితే ఏప్రిల్ దాకా ఐదారు కోతలు. కళ్యాణదుర్గంలో ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది. చలి ఉన్న ఆ రెండు మూడు నెలల్లో రెండు కోతలు, మహా అయితే మూడు. ప్రతి కోతకూ తడులు. ఉన్న ఒక్క బోరు నీళ్లు దానికి పోస్తే మార్చిలో ఆవులకు తాగడానికి ఏం మిగులుతాయి? ఆదిలాబాద్ వైపు చలి ఎక్కువ, నీటి వసతి ఉన్నవాళ్లు వేసుకుంటే నేను కాదనను. అయితే గింజలో కాసిని అనే కలుపు కలిసి ఉంటుంది, ఉప్పునీళ్లలో పోసి పైకి తేలినదాన్ని తీసేసి విత్తండి, కల్చర్ పట్టించండి. బోరు కింద ఏడాది పొడవునా పచ్చిమేత కావాలనుకునే దక్షిణాది రైతుకు మాత్రం లూసర్న్ అనే మేత పంట మేలు.

ఆస్ట్రేలియా నుంచి అనంతపురానికి కుదిరిన మేత మొక్క లేదా అంటే, ఉంది! అది మా కోజొనప్ నుంచి రాలేదు. ఉత్తరాన క్వీన్స్‌ల్యాండ్‌లో వాన వేసవిలో పడుతుంది, మనలాగే. ఉష్ణమండల అమెరికా మొక్క స్టైలోను అక్కడివాళ్లు తెచ్చి, చూసి, స్టైలో హెమాటాలో వెరానో అనే రకం విడుదల చేశారు. స్పానిష్‌లో వెరానో అంటే వేసవి. ఆ స్టైలో మన ఎర్రనేలల్లో, చెట్ల కింద బీళ్లలో, గట్ల మీద పెరుగుతుంది, తన గింజ తానే రాల్చుకుని మళ్లీ మొలుస్తుంది. దాని విత్తనం పండించి అమ్మిన రైతులు అనంతపురం జిల్లాలోనే ఉన్నారు. ఒకే దేశపు రెండు మూలల నుంచి రెండు మొక్కలు చూస్తే, ఒకటి మనది కాదు, ఒకటి మన ఇంట్లో మనిషిలా ఉంది. తేడా వాన పడే నెలల్లో ఉంది.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. కృష్ణా డెల్టాలో వరి కోతల ముందు చేనులోనే జనుమో పిల్లిపెసరో చల్లి, మిగిలిన తేమతోనే మేత తీసుకునే పద్ధతి ఎంత గొప్పది! వానాకాలం చివర్లో రాయలసీమలో ఉలవ చల్లడం అలాంటిదే. క్లోవర్ చేసే పనే, నేలకు బలం, పశువుకు మేత. కానీ సబ్ క్లోవర్‌కు నలభైకి పైగా రకాలు, ఒక్కోదానికీ పూత రోజులు, వానపాతం, నేల గుణం రాసిపెట్టిన పట్టికలు ఉన్నాయి. మా పల్లెలో పిల్లిపెసర విత్తనం కొనడానికి వెళ్తే దుకాణంలో బస్తా మూతి విప్పి "ఇదే ఉంది" అంటారు. ఎక్కడ పండిందో, ఎన్ని రోజులకు పూతకొస్తుందో తెలీదు. వరికీ చెనిక్కాయకూ అడిగే ప్రశ్నలు మేత గింజకూ పచ్చిరొట్ట గింజకూ మనం అడగడం లేదు. దూరపు క్లోవర్ మీద పెట్టే ఆశలో సగం దీని మీద పెట్టి అడిగితే, పండించేవాళ్లూ అమ్మేవాళ్లూ చెప్పక తప్పదు.

సంక్రాంతి సెలవు ఆఖరి రోజు నేను వాడిని మూడే అడిగాను. నీ చేనులో దుక్కికి సరిపడే మొదటి వాన ఎప్పుడు పడుతుంది? చివరి పదును వాన ఎప్పుడు? పల్లంలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి? వాడు కార్తెల్లో చెప్పాడు. మృగశిరకో ఆరుద్రకో మొదలు, చిత్తలో ఒకటి రెండు, స్వాతి అనుమానం. "తారీకులు ఎవరు రాసి పెడతారు బావా" అన్నాడు. వంటింటి గోడకు వేలాడుతున్న క్యాలెండర్ చూపించి, దాని మీదే రాయమన్నాను.

వాడు రాస్తాడని నేను అనుకోలేదు. జూన్ ఆఖర్న వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. క్యాలెండర్ పేజీ, నీలి ఇంకు పెన్ను. మూడు గళ్లలో రాత. ఒకదాంట్లో "తుంపర", ఇంకోదాంట్లో "దుక్కికి చాల్లేదు". ఇరవై నాలుగో తేదీ చుట్టూ గుండ్రంగా గీసి "పదును, జానెడు తడిసింది" అని ఉంది. దాని కింద ఒక ప్రశ్న: "బావా, ఈ పదునుకి స్టైలో సల్లొచ్చునా, ఇంగో వాన సూడల్నా?"